నూట నలభై ఏడో ఫుట్‌నోటు

సాగరతీర విశ్వవిద్యాలయంలోని రాజనీతి, అంతర్జాతీయ సంబంధాల శాఖకు నిజం మీద ఉన్నట్టుండి అంత ప్రేమ పుట్టుకు రావడానికి కారణం ఒక దేశం. శాఖాధిపతి ఆచార్య విశ్వంభర మూర్తి గారు ఢిల్లీ సదస్సులో ఆ దేశపు విదేశాంగ విధానం మీద నలభై నిమిషాలు పత్రం చదివారు. దానికున్న మూడు ఓడరేవులు, రెండు అంతర్యుద్ధాలు, పక్క రాజ్యంతో కుదిరిన ఉప్పు ఒప్పందం, అన్నీ విప్పి చెప్పారు. జనం చప్పట్లు కూడా కొట్టారు. ఆఖర్న ముందు వరసలోంచి ఒక రిటైర్డు రాయబారి లేచి, తను ముప్పై ఆరేళ్ళు రాయబారిగా పనిచేశానని, ఈ దేశానికి మాత్రం తనను ఎవరూ పంపలేదని, అదెక్కడుందో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోమని అడిగాడు. సాయంత్రానికి తేలింది. ఆ దేశం పిల్లలు సెల్‌ఫోన్లో ఆడుకునే ఒక యుద్ధం ఆటలో ఉంది. దాని చరిత్రా రాజ్యాంగమూ ఆ ఆట అభిమానులు ఇంటర్నెట్లో ఓపిగ్గా రాసిపెట్టారు. మన డిగ్రీ పాఠ్యపుస్తకాల కంటే శ్రద్ధగా రాశారన్నది వేరే మాట.

ఇంకొకరైతే ఓ ఏడాది సెలవు పెట్టి తీర్థయాత్రలకు వెళ్ళేవారు. మూర్తి గారు తిరిగొచ్చిన మర్నాడే ఉపకులపతి గారికి పదకొండు పేజీల లేఖ రాశారు. దేశంలో నమ్మదగిన ఆధారాలు దొరకడం లేదనీ, యువ పరిశోధకులు పెడదారి పడుతున్నారనీ, తక్షణం ఏదో ఒకటి చేయకపోతే విద్యావ్యవస్థ కుప్పకూలుతుందనీ అందులో వాపోయారు. పెడదారి పట్టినవారి వయసు యాభై ఎనిమిదని మాత్రం రాయలేదు. ఉపకులపతి గారు కదిలిపోయి 'ఆధారాల విశ్వసనీయతా నిర్ధారణ సంఘం' అని ఒకటి వేసి, దానికి మూర్తి గారినే అధ్యక్షులుగా నియమించారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు అని కొందరు గొణిగారు. తాళం ఎలా తీయాలో తెలిసినవాడికి కాక ఇంకెవరికిస్తారని మరికొందరు సర్దిచెప్పారు.

ఈ సంఘం పుట్టిన వేళకు సంగాడి నూకరత్నం పీహెచ్‌డీలో ఆరో ఏట ఉంది. అదే ఆఖరి ఏడు. మార్చి ముప్పై ఒకటిలోగా సిద్ధాంత గ్రంథం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. 'సముద్ర సరిహద్దు రేఖ – మత్స్యకారుల నిర్బంధం' అన్నది ఆమె విషయం. యూనివర్సిటీకి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లిపేట ఆమెది. ఆరేళ్ళలో రెండు వందల పన్నెండు ఆధారాలు పోగు చేసింది. ఒప్పందాలు, పార్లమెంటు ప్రశ్నలు, కోస్టుగార్డు నివేదికలు, పత్రికలు, పుస్తకాలు, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే వాటిలో రెండు వందల పదకొండు ఉన్నా లేకపోయినా ఆమెకు ఒకటే. ఆ గ్రంథమంతా ఆమె రాసింది ఒకే ఒక్క వాక్యం కోసం.

ఆ వాక్యం వాళ్ళ నాన్న గురించి. తొమ్మిదేళ్ళ కిందట వేటకెళ్ళిన పడవ ఒకటి ఇంజను చెడిపోయి, నీటివాలుకు కొట్టుకుపోయి, గీత దాటి పొరుగు దేశం వాళ్ళ చేతిలో పడింది. పడవలో ఏడుగురు. రేవులో ఇచ్చిన కాగితం మీద ఏడో పేరు ఓలేటి అప్పన్నది. అప్పన్నకు ఆ పొద్దున జ్వరం తగిలితే, ఆఖరి నిమిషంలో అతని బదులు నూకరత్నం తండ్రి కాశీరావు ఎక్కాడు. రేవులో ఇది రోజూ జరిగేదే, కాగితం దిద్దించేంత తీరిక ఎవరికీ ఉండదు. అక్కడి జైలువాళ్ళు పడవ కాగితం చూసే పేర్లు రాసుకున్నారు. పదో నెలలో కాశీరావు ఆ జైల్లో చచ్చిపోతే, వాళ్ళ లెక్కలో చచ్చిపోయింది ఓలేటి అప్పన్న. ఇక్కడి అధికారులు విచారణకు వచ్చి చూస్తే అప్పన్న గుమ్మంలో కూర్చుని బీడీ కాల్చుకుంటూ వల అల్లుకుంటున్నాడు. బతికున్న మనిషిని చనిపోయాడని రాయడం పొరుగుదేశపు నిర్లక్ష్యానికి నిదర్శనమని తీర్మానించి, 'ప్రాణనష్టం లేదు' అని రాసుకుని, కాఫీలు తాగి వెళ్ళిపోయారు. కాశీరావు పేరు ఎదురుగా రేషను జాబితాలో 'వలస వెళ్ళెను' అని ఉంది. తిరిగొచ్చిన ఆరుగురూ జరిగింది చెప్పారు. ఆరుగురూ ఒకటే మాట చెబుతున్నారు కాబట్టి ముందే కూడబలుక్కున్నారని అధికారులు కనిపెట్టేశారు.

నూకరత్నానికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. తండ్రి చనిపోయాడన్న మాట ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని ఆమె అప్పుడే అనుకుంది. ఏ కాగితం వల్ల వాళ్ళ నాన్న లేకుండా పోయాడో, అలాంటి కాగితం మీదే మళ్ళీ కనబడాలి. అందుకే ఈ చదువు. ఆ వాక్యానికి ఉన్న ఆధారం ఒక్కటే, ఆమె చిన్నాన్న మసేను. ఆ పడవలో అతనూ ఉన్నాడు, జైల్లో అన్నదమ్ములిద్దరూ ఒకే గదిలో ఉన్నారు.

సంఘం వారి మొదటి సర్క్యులర్ జూలైలో వచ్చింది. ప్రతి ఆధారానికీ పదకొండో నంబరు ఫారం జతపరచాలి. ఆ ఫారం మీద గ్రంథకర్త, తాను రాసినది తన ఎరుకలో నిజమేనని సంతకం చేయాలి. పాస్‌పోర్టు సైజు ఫోటో అంటించాలి. ఇద్దరు గెజిటెడ్ అధికారులు అటెస్టు చేయాలి. గ్రంథకర్త మరణించి ఉంటే మరణ ధ్రువపత్రంతోపాటు వారసుల నిరభ్యంతర పత్రం ఉండాలి. మరణించి రెండు వందల ఏళ్ళు దాటితే వారసులు ఏ తరం వరకు సంతకం చేయాలన్నది పరిశీలనలో ఉంది.

లైబ్రరీలో రాజనీతి బీరువాలన్నిటికీ ఎర్ర టేపు అంటించారు. 'ధ్రువీకరణ కాలేదు, తాకరాదు' అని బోర్డు పెట్టారు. రెండువేల ఏళ్ళ కిందటి గ్రీకు తత్వవేత్త పుస్తకం మీద పని చేస్తున్న కుర్రాడొకడు ఆ దేశపు మున్సిపాలిటీలకు ఉత్తరాలు రాసి రాసి, చివరికి బ్యాంకు పరీక్షలకు చదువుకోవడం మొదలెట్టాడు. నూకరత్నం మాత్రం మొండిది. రెండు దేశాల మధ్య ఎప్పుడో కుదిరిన సముద్ర ఒప్పందం నకలు తీసుకుని సెక్షన్‌కు వెళ్ళింది. అక్కడి సూపరింటెండెంటు గవర్రాజు ఫైళ్ళ లోతు తెలిసిన మనిషి. ఒప్పందం మీద ఇద్దరు విదేశాంగ మంత్రుల సంతకాలున్నాయి కానీ వారి ఫోటోలు లేవనీ, పైగా ఇద్దరూ ఒకే పెన్నుతో సంతకం చేసినట్టుందనీ, ఇది అనుమానాస్పదమనీ ఆయన చెప్పాడు. ఒప్పందాల దగ్గర అలాగే ఒకే పెన్ను పెడతారని ఆమె అంటే, ఆ పెన్ను తెచ్చి చూపించగలరా అని అడిగాడు. అడిగిన తీరులో వెటకారం లేదు. ఫైలులో పెట్టడానికే అడిగాడు.

పుస్తకాలు, ఒప్పందాలు సరే, అసలు సరిహద్దు రేఖకే ఆధారం ఏదని సెప్టెంబరులో ప్రశ్న వచ్చింది. నూకరత్నం పటాలు చూపించింది. పటంలో సముద్రం నీలంగా ఉందనీ, కిటికీలోంచి చూస్తే బూడిద రంగులో కనిపిస్తోందనీ, కనుక పటాన్ని నమ్మలేమనీ సంఘం తేల్చింది. స్వయంగా వెళ్ళి రేఖను పరిశీలించి రావాలని తీర్మానం చేశారు. తీర్మానంలో మధ్యాహ్న భోజనం కూడా ఉంది.

సంఘం సభ్యులు ఐదుగురూ నారింజ రంగు జాకెట్లు తొడుక్కుని పల్లిపేట రేవుకు దిగారు. పడవ మసేనుదే. నూకరత్నం పడవ చివర కూర్చుంది. అరగంట పోయేసరికి అలలకు ఇద్దరు సభ్యులు కక్కుకున్నారు. మూర్తి గారు ఒక చేత్తో పడవ అంచూ మరో చేత్తో బైనాక్యులరూ పట్టుకుని నాలుగు దిక్కులా గీత కోసం వెతికారు. ఇంకా ఎంత దూరమని మసేనును అడిగారు.

"ఇంకా నూట యాభై మైళ్ళు పోవాలండి," అన్నాడు మసేను. "పోయినా గీత అవుపడదండి బాబూ. నీళ్ళ మీద గీతేటండి? ఆళ్ళొచ్చి పట్టుకుంటేనే తెలుత్తది, దాటేసేవని. మేవు అలాగే తెలుసుకున్నాం."

ఇది మౌఖిక సమాచారమనీ, మత్స్యకారుడు లబ్ధిదారు వర్గానికి చెందినవాడు కనుక నమోదు చేయనవసరం లేదనీ మూర్తి గారు పక్కాయనకు చెప్పారు. పరాయి జైల్లో అన్నను పోగొట్టుకున్నవాడు ఏ విధంగా లబ్ధి పొందాడో నూకరత్నానికి అర్థం కాలేదు. అడుగుదామనుకుంది. ఆయన అప్పటికే పడవ అంచు మీద వంగి ఉన్నారు. వారం తర్వాత వచ్చిన నివేదికలో 'మేము ప్రయాణించినంత మేర రేఖ ఏదియూ కానరాలేదు, తదుపరి చర్య నిమిత్తం సరిహద్దు ఉనికిని పెండింగులో ఉంచడమైనది' అని ఉంది. రెండు దేశాల సైన్యాలు కాస్తున్న సరిహద్దును ఒక కమిటీ పెండింగులో పెట్టడం చరిత్రలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

అక్టోబరులో సంఘానికి అసలైన జ్ఞానోదయం అయింది. గ్రంథకర్త తన పుస్తకం నిజమని తానే సంతకం చేస్తే ఎలా చెల్లుతుంది? కాకిపిల్ల కాకికి ముద్దు కదా. కాబట్టి ఒక ఆధారం నమ్మదగినదని చెప్పడానికి, అప్పటికే నమ్మదగినవని తేలిన మరో రెండు ఆధారాలు కావాలి. సూత్రం అందరికీ నచ్చింది. ఆ రెండింటికి ఇంకో నాలుగు కావాలని, ఆ నాలుగుకు ఎనిమిది కావాలని, మొట్టమొదటి ఆధారం అసలు ఉండడానికే వీల్లేదని లెక్కల శాఖ నుంచి వచ్చిన ప్యూను ఒకడు టీ గ్లాసులు తీస్తూ అన్నాడట. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు. కానీ నెల తిరిగేసరికి ధ్రువీకరించిన ఆధారాల సంఖ్య సున్నా దగ్గరే ఆగి ఉండడంతో సంఘం మళ్ళీ కూర్చుంది.

మూడు గంటల చర్చ తర్వాత మార్గం దొరికింది. ఏ ఆధారమూ అక్కర్లేని ఆధారం ఒకటి కావాలి. అంటే ఎవరూ అనుమానించలేనిది. ఒక సభ్యుడు రాజ్యాంగం అన్నాడు. అది చాలాసార్లు సవరించబడింది కాబట్టి నిలకడ లేనిదని తోసిపుచ్చారు. చివరికి సంఘం ప్రారంభోత్సవంలో ఉపకులపతి గారు చేసిన ప్రసంగమే 'మూలాధారం' అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇకపై ఏ ఆధారమైనా ఆ ప్రసంగంతో సరిపోతే నమ్మదగినది, సరిపోకపోతే కానిది. పని ఎంత తేలికైపోయిందో చెప్పలేం. పుస్తకాలన్నీ తిరగేయాల్సిన అవసరం లేకుండా ఆరు పేజీల ప్రసంగంతో విజ్ఞానం మొత్తం తూచేయవచ్చు.

ఇందులో ఒక చిక్కుంది. ఆ ప్రసంగం రాసింది నూకరత్నమే. ఉపకులపతులు ప్రసంగాలు చదువుతారు కానీ రాయరు. ఆమె గైడు డాక్టర్ సుగుణాకర్ గారు ఒక సాయంత్రం ఆమెను పిలిచి, రేపటికి ఆరు పేజీలు కావాలన్నారు. స్కాలర్లు ఉన్నదెందుకు మరి. ఆమె రాత్రికి రాత్రే రాసి, మూడో పేజీలో తన వాక్యాన్ని కూడా పేరు లేకుండా చేర్చింది: 'మన తీరం నుంచి ఏడుగురు వెళ్ళారు, ఆరుగురే తిరిగి వచ్చారు.' ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి ఆ పొరుగు దేశపు దౌత్యవేత్త. ఆయన వేదిక మీద చిరునవ్వుతో కూర్చుని ఉండగా ఉపకులపతి గారికి మూడో పేజీ వచ్చింది. మర్యాద తెలిసిన మనిషి కనుక అక్కడికక్కడే మాట మార్చారు. "మన మత్స్యకారులను పొరుగు దేశం అతిథులవలె ఆదరించి, ఒక్క ప్రాణానికీ నష్టం లేకుండా సాగనంపినది," అన్నారు. దౌత్యవేత్త తల వంచి నమస్కారం చేశాడు. సభలో నూకరత్నం ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

ఆ మాట ఇప్పుడు మూలాధారం. జనవరిలో ఆమె అధ్యాయాలన్నీ సంఘం దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. సరిహద్దు ఒప్పందం, కోస్టుగార్డు నివేదికలు, అన్నీ ప్రసంగంతో విభేదించడం లేదని తేలి ముద్ర పడ్డాయి. పెండింగులో ఉన్న సరిహద్దును కూడా విడుదల చేశారు. నాలుగో అధ్యాయంలో ఒక్క వాక్యం కింద మాత్రం ఎర్ర గీత ఉంది. 'సంగాడి కాశీరావు నిర్బంధంలో ఉండగా మరణించాడు' అన్నది ఆ వాక్యం. 'మూలాధారమునకు విరుద్ధము, తొలగించవలెను' అని పక్కన రాశారు.

సుగుణాకర్ గారు చెడ్డవారు కాదు. భయస్థులు, అంతే. ఆ శాఖలో భయం లేకుండా ప్రొఫెసరైన వాడు లేడు. ఆయన ఆమెను కూర్చోబెట్టి, నాలుగు వందల పేజీల్లో ఒక్క వాక్యం ఎవరికి కావాలన్నారు. డిగ్రీ వచ్చాక విడిగా వ్యాసం రాసుకోవచ్చన్నారు. అధ్యాపక పోస్టులు పడబోతున్నాయని, మత్స్యకార కుటుంబాల నుంచి ఇంతవరకూ ఒక్కరూ రాలేదని కూడా గుర్తు చేశారు. నూకరత్నం అంతా విని, ఆ వాక్యం తీసేస్తే తన గ్రంథంలో ఇంకేమీ లేదంది. కాసేపటికి ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. వాక్యం తీసేస్తుంది. ఆ వాక్యానికి వేసిన నూట నలభై ఏడో ఫుట్‌నోటు మాత్రం ఉంచుతుంది. అడుగున నంబరు ఉంటుంది, పక్కన ఖాళీ ఉంటుంది. అచ్చు తప్పనుకుంటారులే అన్నారాయన.

ఇంటికెళ్ళి చిన్నాన్నతో చెప్పింది. మసేను వల సర్దుకుంటూ విన్నాడు. ఆ వాక్యం లేకపోతే డిగ్రీ వస్తుందా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. వస్తుందంది. ఉంటే రాదా అని అడిగాడు. రాదంది. అతను వల పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

వైవా మార్చి ఇరవై ఎనిమిదిన పెట్టారు. సరిగ్గా అదే రోజు ఢిల్లీ నుంచి నాణ్యతా పరిశీలన బృందం వస్తోంది. ముగ్గురు సభ్యులు, నలభై పేజీల పట్టిక. దేశంలోనే తొలిసారిగా ఆధారాలను శుద్ధి చేస్తున్న విశ్వవిద్యాలయమని మూర్తి గారు ముందే రాసి పంపారు. ఆ పట్టికలో తొమ్మిదో గడి 'ధ్రువీకరించబడిన జీవాధారములు' అన్నది, అంటే నమ్మదగినవారని తేలిన బతికున్న మనుషుల సంఖ్య. విశ్వవిద్యాలయం మొత్తం మీద అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు. ఆ గడికి ఇరవై మార్కులున్నాయి. మూర్తి గారు రెండు రోజులుగా సరిగ్గా భోంచేయడం లేదని గవర్రాజు అందరికీ చెప్పాడు.

సెమినార్ హాల్లో బృందం ముందు వరసలో కూర్చుంది. నూకరత్నం గంటసేపు మాట్లాడింది. మసేను ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఖరి బెంచీలో, తలుపు పక్కన కూర్చున్నాడు. ప్రశ్నలు సాఫీగానే సాగాయి. బృందంలోని ఒకామె పేజీలు తిప్పుతూ నూట నలభై ఏడు దగ్గర ఆగి, ఇదేమిటి ఖాళీగా ఉందని అడిగింది.

"ఆధారం రావాల్సి ఉందండి," అంది నూకరత్నం.

సుగుణాకర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. ఆధారం లేని ఫుట్‌నోటు అంటే అసంపూర్ణ గ్రంథమనీ, అసంపూర్ణ గ్రంథాన్ని తిరస్కరించడం తప్ప తమకు గత్యంతరం లేదనీ మూర్తి గారు విచారంగా ప్రకటించారు. రావాల్సిన ఆ ఆధారం ఎక్కడుందని బృందంలోని ఆమె అడిగింది. నూకరత్నం వేలు చూపించింది. అందరూ వెనక్కి తిరిగారు. మసేను లేచి నిలబడ్డాడు.

బతికున్న మనిషిని చూడగానే మూర్తి గారికి తొమ్మిదో గడి గుర్తొచ్చింది. ముఖం వెలిగిపోయింది. సగౌరవంగా ముందుకు పిలిచి, ఉపకులపతి గారి కోసం వేసిన సోఫాలో కూర్చోబెట్టారు. ప్రసంగం ప్రతి తెప్పించి మూడో పేజీ విప్పారు.

"మీరు పొరుగు దేశమందు నిర్బంధంలో ఉన్నమాట వాస్తవమేనా?"

"ఆయ్, ఉన్నానండి. పదకొండు నెల్లు."

"ఒక్క ప్రాణానికీ నష్టం లేకుండా సాగనంపినారని మాన్య ఉపకులపతి వారు సెలవిచ్చారు. సదరు అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తున్నారా? ఏకీభవించిన యెడల మీరు విశ్వసనీయ జీవాధారంగా ధ్రువీకరించబడతారు, అమ్మాయి గ్రంథం ఆమోదించబడుతుంది. ఏకీభవించని యెడల రెండూ తిరస్కరించబడతాయి. ఆలోచించుకుని చెప్పండి."

మసేను ఆలోచించుకోలేదు. నూకరత్నం వంక ఒకసారి చూశాడు. తల అడ్డంగా ఊపుతూ ఆమె వద్దంటోంది. అతను ముఖం తిప్పుకున్నాడు.

"ఎవురూ పోలేదండి," అన్నాడు. "బాబుగారు చెప్పిందే నిజం."

చప్పట్లు మోగాయి. జైలు నుంచి వచ్చినప్పటి నుంచీ ఊళ్ళో, రేవులో, కలెక్టరాఫీసులో, అడిగినవాడికల్లా నిజమే చెబుతూ వచ్చాడు చిన్నాన్న, ఏ ఒక్కడూ నమ్మలేదు. ఇవాళ తన కోసం జీవితంలో మొదటిసారి అబద్ధమాడితే, సోఫాలో కూర్చోబెట్టి నమ్ముతున్నారు. ఆమెకు చిన్నాన్న మీద కోపం వచ్చింది. ఈ హాలు మీద, ఈ చదువు మీద, ఇక్కడికి అతన్ని రానిచ్చిన తన మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది కానీ దాన్ని ఈ మనుషుల ముందు రానివ్వదలచుకోలేదు.

గవర్రాజు ధ్రువపత్రం సిద్ధం చేస్తున్నాడు. మసేను ఫోటోను సెల్‌ఫోన్లో తీసి అక్కడికక్కడే అచ్చు వేయించారు. బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించారు. మూర్తి గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు. ఇద్దరు గెజిటెడ్ అధికారులు కావాలంటే హాల్లో పదహారు మంది ఉన్నారు. గుండ్రటి ముద్ర పడింది. 'ఇందుమూలముగా శ్రీ సంగాడి మసేను సంపూర్ణ విశ్వసనీయ జీవాధారమని, వీరి వాంగ్మూలం ఏ ఇతర ఆధారమూ లేకనే చెల్లునని ధ్రువీకరించడమైనది' అని మూర్తి గారు గట్టిగా చదివారు. బృందం సభ్యులు తొమ్మిదో గడిలో ఒకటి అని వేసుకున్నారు.

అప్పుడు నూకరత్నం మైకు దగ్గరికి వచ్చింది. నూట నలభై ఏడో ఫుట్‌నోటు ఇంకా ఖాళీగానే ఉందని, ఇప్పుడు ధ్రువీకరించిన ఆధారం హాల్లోనే ఉంది కనుక అది నింపుకోవడానికి అనుమతి కావాలని అడిగింది. బృందంలోని ఆమె తప్పకుండా అంది. మూర్తి గారు కూడా తల ఊపారు. ఆయన ఇంకా ఇరవై మార్కుల ఆనందంలోనే ఉన్నారు.

"చిన్నాన్నా," అంది నూకరత్నం. "నా డిగ్రీ గురించి నువ్వేం బెంగెట్టుకోకు. కాగితం మీద సంతకం పడిపోయింది. మా నాన్న ఎలా పోయాడో చెప్పు."

మసేను చేతిలో ఉన్న ధ్రువపత్రాన్ని చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"మీ నాన్న పదో నెల్లో పోయాడమ్మా," అన్నాడు. "కార్తీక మాసం, మంగళవారం, పొద్దున్నే. నా తొడ మీద తలెట్టుకునున్నాడు. నాలుగ్రోజుల్నించీ జరం. మందిమ్మని తలుపులు బాదేను. అప్పన్నా అప్పన్నా అని పిలిచేవారు ఆళ్ళు, కాయితంలో ఆ పేరే ఉంది గందా. ఆఖర్న నన్ను పట్టుకుని, ఒరే, నా పేరు ఆళ్ళకి చెప్పరా అన్నాడు. చెప్పేను. ఎవురూ రాసుకోలేదు."

బృందంలోని ఆమె పెన్ను ఆపి మూర్తి గారి వైపు తిరిగింది. ఈ ఆధారం నమ్మదగినదేనా అని అడిగింది. మూర్తి గారు గవర్రాజు వైపు వంగారు. పత్రాన్ని రద్దు చేయవచ్చునా అని ఆయన గుసగుసగా అడగడం మైకులో అందరికీ వినబడింది. షోకాజు నోటీసు ఇవ్వాలని, తొంభై రోజులు గడువివ్వాలని, అప్పీలుకు మరో అరవై ఉందని గవర్రాజు చెప్పాడు. పైగా రద్దు చేస్తే తొమ్మిదో గడి మళ్ళీ సున్నా అవుతుందన్నాడు. ధ్రువపత్రం మీద ఆకుపచ్చ సిరా ఇంకా ఆరలేదు.

"నమ్మదగినదేనండి," అన్నారు మూర్తి గారు.

సుగుణాకర్ గారు లేచి, ఎవరూ అడగకుండానే, గ్రంథం ప్రతి తెచ్చి నూకరత్నం ముందు పెట్టి తన పెన్ను ఇచ్చారు. ఆమె నాలుగో అధ్యాయంలో వాక్యాన్ని తిరిగి రాసింది. అడుగున నూట నలభై ఏడు పక్కన చిన్నాన్న పేరు, తేదీ రాసింది. సంఘం పట్టుబట్టి ఆ పైన మరో ఫుట్‌నోటు చేర్పించింది. గ్రంథంలో ఎత్తిరాసిన అధికారుల మాట 'ప్రాణనష్టం లేదు' అన్నదానికి కూడా అదే మసేను, అదే తేదీ. రెండింటి మీదా గుండ్రటి ముద్ర ఉంది. లైబ్రరీలో ఎవరైనా తీసి చూసుకోవచ్చు. ఒకే మనిషి, ఒకే సోఫాలో, పావుగంట తేడాతో, పరస్పరం విరుద్ధంగా, సంపూర్ణ విశ్వసనీయంగా చెప్పిన మాటలు.

హాలు బయట మెట్ల మీద మసేను ఆమె ముఖం చూడలేకపోయాడు. అన్న పోలేదని తన నోటితోనే అన్నానని, పావుగంటైనా అన్నానని, అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ కూర్చున్నాడు. నూకరత్నం పక్కన కూర్చుని అతని బొటనవేలి సిరాను చున్నీతో తుడిచింది. అది పోలేదు.

ఏప్రిల్లో సంఘం సవరణ సర్క్యులర్ జారీ చేసింది. 'ఒకసారి విశ్వసనీయులని ధ్రువీకరించబడిన జీవాధారములు తదుపరి ఏ సందర్భమునందునూ మాట్లాడరాదు' అన్నది అందులో ఒకే ఒక్క నిబంధన. అది వర్తించే మనిషి రాష్ట్రం మొత్తం మీద ఒక్కడే కాబట్టి ప్రతిని అతనికే రిజిస్టరు పోస్టులో పంపారు. మసేనుకు చదువు రాదు. రేవులో వేటకు బయలుదేరుతుంటే డాక్టర్ నూకరత్నం పడవ పక్కన మోకాలిలోతు నీళ్ళలో నిలబడి చదివి వినిపించింది.

"సరేనని రాసెయ్యమ్మా ఆళ్ళకి," అన్నాడు మసేను పడవ తోస్తూ. "నేను చెప్పాల్సిందొక్కటే ఉండేది. అది చెప్పేసేను."